నిఘా కళ్ళకు ఎదురు నిలిచిన రచయిత – జార్జి ఆర్వెల్

ఉగాది పచ్చడి తిన్న తరవాత పంచాంగం వినడం మన ఆచారం. రాబోయే ఏడాది వానలెట్లా ఉంటాయో, పంటలెట్లా ఉంటాయో, ఏ రాశివారికి ఆదాయమెంతో వ్యయమెంతో పెద్దలూ పిల్లలూ చెవి ఒగ్గి వింటారు. ఒక్క ఏడాదితో తృప్తిపడక ముందు తరాల సంగతి చెప్పిన మహానుభావులూ మనకున్నారు. పోతులూరి వీరబ్రహ్మంగారి కాలజ్ఞానం పేరు వినని తెలుగువాడుండడు. మన చింతామణి సీమలో కైవారం తాతయ్యగారు తెలుగులో పాడిన తత్త్వాలు నేటికీ భజన కూటాల్లో వినపడుతూనే ఉన్నాయి. దిబ్బూరహళ్ళి, బాగేపల్లి, చిక్కబళ్ళాపురం ప్రాంతాలనుంచి బయలుదేరి ఊరుగాని ఊళ్ళో స్థిరపడిన మన కుటుంబాలవారికి ఈ సంగతి కొత్తగా చెప్పనక్కరలేదు.

ఇరవయ్యో శతాబ్దంలో ఇంగ్లీషు భాషలో ఇటువంటి కాలజ్ఞానం ఒకటి వెలువడింది. దానిని వ్రాసినవాడు యోగి కాడు, జోస్యుడు కాడు. ఒకప్పటి పోలీసు అధికారి. రాజ్యమనేది మనిషిమీద రాత్రింబగళ్ళు కన్నువేసి ఉంచితే ఆ మనిషి లోపల ఏమవుతుందన్నదే ఆ గ్రంథం విషయం. గ్రంథకర్త జార్జి ఆర్వెల్. ఆయన పుట్టింది మన దేశంలో. ఉద్యోగం చేసింది, వేలాది తెలుగువాళ్ళు పొట్ట చేతపట్టుకుని వెళ్ళిన బర్మాలో. అందుచేత ఆయన కథ మనకు పరాయి కథ కాదు.

జీవిత చరిత్రలు వ్రాసేటప్పుడు గుణాలను మాత్రమే ఎన్నడం మామూలు. మేము ఆర్వెల్ జీవితంలోని ఒక లోపాన్ని కూడా దాచకుండా చెప్పదలచాము. అది తెలియకపోతే ఆయన చేసిన హెచ్చరిక సగమే అర్థమవుతుంది.

బాల్యం

జార్జి ఆర్వెల్ అన్నది కలం పేరు. తల్లిదండ్రులు పెట్టిన పేరు ఎరిక్ ఆర్థర్ బ్లెయిర్. 1903 జూన్ 25వ తేదీన బీహారులోని మోతిహారి పట్టణంలో ఆయన జన్మించాడు. 1917లో గాంధీజీ నీలిమందు రైతుల పక్షాన సత్యాగ్రహం నడిపిన చంపారణ్ సీమకు ఆ పట్టణమే ముఖ్యస్థానం. తండ్రి రిచర్డు బ్లెయిర్ ప్రభుత్వ నల్లమందు శాఖలో చిన్న అధికారి. రైతుచేత గసగసాల పైరు వేయించి, ఎవరు ఎంత నేలలో వేశారో, ఎంత సరుకు తెచ్చారో లెక్క వ్రాసి, యావత్తూ సర్కారే కొనుక్కోవడం ఆ శాఖ పని. తల్లి ఐడా ఫ్రెంచి సంతతి. కలప వర్తకుని కుమార్తె. పెరిగింది బర్మాలోని మౌల్మేను పట్టణంలో. బిడ్డకు ఏడాది నిండిన కొద్ది కాలానికే, 1904లో, ఆమె పిల్లలను తీసుకుని ఇంగ్లండుకు వెళ్ళిపోయింది.

ఎనిమిదో ఏట ఆయనను దక్షిణ తీరంలోని ఈస్ట్‌బోర్న్ పట్టణంలో ఒక వసతి పాఠశాలలో చేర్చారు. ఇంటివారికి స్తోమత చాలదు గనుక, చదువులో చురుకైనవాడని రుసుము తగ్గించి చేర్చుకున్నారు. ఆ బడి జ్ఞాపకాలను పెద్దవాడైన తరవాత ఆయన వ్యాసంగా వ్రాశాడు. అది ఆయన పోయిన తరవాత 1952లో అచ్చయింది. అందులో ఒక చిన్న సంఘటన ఉంది. ఒకనాడు ఈ కుర్రవాణ్ణి ఏదో పనిమీద ఊళ్ళోకి పంపారు. వాడు నియమం మీరి ఒక దుకాణంలో చాక్లెట్లు కొనుక్కున్నాడు. బయటికి వచ్చేసరికి వీధికి అవతల నిలుచున్న ఒక మనిషి తన బడి టోపీవైపే తేరిపార చూస్తున్నాడు. అతడు హెడ్మాస్టరు పెట్టిన వేగులవాడని కుర్రవాడు నిశ్చయించుకున్నాడు. ఎప్పుడు పిలుపు వస్తుందో, ఎన్ని దెబ్బలు పడతాయో అని రోజుల తరబడి వణికాడు. పిలుపు రాలేదు. ఆ మనిషికీ బడికీ ఏ సంబంధమూ లేదు. కాని పిల్లవాడు పడ్డ భయం మాత్రం నిజమైన భయమే.

కనిపెట్టేవాడు ఉండనక్కరలేదు, కనిపెడుతున్నారన్న అనుమానం ఉంటే చాలు. మనిషి తనకు తానే కాపలావాడవుతాడు. ఈ పాఠం ఆర్వెల్‌కు చిన్ననాడే అబ్బింది.

1917లో విద్యార్థివేతనంపై పేరుపొందిన ఈటన్ పాఠశాలలో చేరి 1921 వరకు చదివాడు. అక్కడ కొద్దికాలం ఆయనకు ఫ్రెంచి చెప్పిన ఉపాధ్యాయుడు ఆల్డస్ హక్స్‌లీ. ఆ హక్స్‌లీయే తరవాత 1932లో, మనుషులను బెదిరించి కాక సుఖాలతో మత్తెక్కించి లొంగదీసుకునే రాజ్యాన్ని గూర్చి ప్రసిద్ధమైన నవల వ్రాశాడు.

బర్మా ఉద్యోగం

తోటివారు విశ్వవిద్యాలయాలకు పోతుంటే ఆర్వెల్ 1922లో, పందొమ్మిదో ఏట, ఇంపీరియల్ పోలీసు శాఖలో చేరి బర్మాకు ఓడ ఎక్కాడు. అప్పటికి బర్మా ఇండియాలో ఒక రాష్ట్రం, 1937లోగాని వేరుపడలేదు. విశాఖ, గోదావరి జిల్లాల జనం కాకినాడ, విశాఖపట్నం వంటి రేవుల్లో ఓడలెక్కి రంగూనుకు పోయి రేవులో మూటలు మోసేవారు, ధాన్యపు మిల్లుల్లో పనిచేసేవారు, రిక్షాలు లాగేవారు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరుమీద అక్కడివాళ్ళు తెలుగువాళ్ళను కోరంగీలు అని పిలిచేవారు. 1930 మే నెలలో రంగూను రేవులో తెలుగు కూలీలకూ బర్మా కూలీలకూ మధ్య జరిగిన ఘోర కలహమూ, 1942లో జపాను దండయాత్రనాడు కొండలూ అడవులూ పడి కాలినడకన తిరిగివచ్చిన జనం కథా మన వలస చరిత్రలో మరువరానివి.

ఆ రంగూను రేవులోనే ఆర్వెల్ దిగాడు. మాండలేలో పోలీసు శిక్షణ పొందాడు. ట్వాంటే, సిరియం, ఇన్‌సేన్, మౌల్మేను, కాథా పట్టణాల్లో పనిచేశాడు. ఇరవై ఏళ్ళు నిండీనిండని యువకుడి చేతికింద లక్షల జనాభాకు శాంతిభద్రతలు. ఆ రోజుల్లో బ్రిటిషు రాజ్యంలో పోలీసు పని అంటే దొంగను పట్టుకోవడమొక్కటే కాదు. అనుమానం పడ్డవాళ్ళ పేర్లు చిట్టాకు ఎక్కించడం, వాళ్ళు రాత్రిపూట ఇంట్లో ఉన్నారో లేదో చూసిరావడం, ఊరికి కొత్తగా ఎవరు వచ్చారో గ్రామాధికారులనడిగి రాసుకోవడం కూడా పోలీసు పనే. ఆ చిట్టాలో పేరున్నవాణ్ణి ఇంగ్లీషు పొడి అక్షరాలతో కే.డీ. అనేవారు. కేడీ అన్న ఆ మాట మన తిట్లలో ఇంకా బ్రతికే ఉంది.

మనిషి మనిషికే కాదు, జాతి జాతికే ఇటువంటి చిట్టా కట్టిన చట్టం ఒకటి ఉండేది. 1871లో పుట్టిన నేరజాతుల చట్టాన్ని 1911లో చెన్నపట్నం రాజధానికి కూడా వర్తింపజేశారు. ఎరుకలవారు మొదలైనవారిని పుట్టుకతోనే నేరస్థులని ముద్రవేసి, వేలిముద్రలు తీసుకుని, హాజరు పిలిచి, అనుమతి లేనిదే ఊరు దాటరాదన్నారు. గుంటూరు జిల్లాలో, నేటి బాపట్ల జిల్లాలో, స్టూవర్టుపురం ఆ విధంగా వెలసిన ఊరే. స్వతంత్రం వచ్చిన తరవాత 1952లో ఆ చట్టం రద్దయింది. ముద్ర మాత్రం మనసుల్లోనుంచి అంత తొందరగా చెరగలేదు.

ఆర్వెల్ పనిచేసిన ఇన్‌సేన్ పట్టణంలో పెద్ద జైలు ఉంది. నడిమధ్యనుంచి బండిచక్రపు ఆకుల్లా నలువైపులా సాగిన కొట్లు. మధ్యలో నిలుచున్నవాడికి అన్ని వైపులా చూపు పారుతుంది. ఇటువంటి కట్టడాల వెనక ఒక సిద్ధాంతం ఉంది. ఇంగ్లీషు తత్త్వవేత్త జెరెమీ బెంథామ్ తన తమ్ముడు రష్యాలో కార్ఖానా పనివాళ్ళకోసం వేసిన ఊహను పెంచి, 1791లో పానాప్టికాన్ అనే జైలు నమూనాను ప్రకటించాడు. గుండ్రంగా ఖైదీల గదులు, నడుమ బురుజు, బురుజులో కావలివాడు. ఖైదీ వాడికి కనపడతాడు. వాడు ఖైదీకి కనపడడు. బురుజులో మనిషి ఉన్నాడో లేడో తెలియదు గనుక ఖైదీ ఎల్లప్పుడూ ఉన్నాడనుకునే మెలగాలి. ఖర్చు తక్కువ, ఫలం ఎక్కువ అని బెంథామ్ వాదన. 1975లో ఫ్రెంచి పండితుడు మిషెల్ ఫూకో ఈ నమూనాను మళ్ళీ పైకి తీసి, బడి, ఆసుపత్రి, కార్ఖానా, పటాలం అన్నీ ఈ బురుజు నీడలోనే పెరిగాయని నిరూపించబూనాడు. చాక్లెట్లు కొన్న కుర్రవాడి భయానికీ బెంథామ్ బురుజుకూ మూలసూత్రం ఒక్కటే.

వేగులను పెట్టడం పాశ్చాత్యులే కనిపెట్టిన విద్య అనుకోరాదు. మన కౌటిల్యుని అర్థశాస్త్రంలో సన్యాసి వేషం, వర్తకుని వేషం, రైతు వేషం వేసే చారుల విధులన్నీ వర్ణించి ఉన్నాయి. కాని ఆ చారుడు రాజుకు ఒక అవయవం మాత్రమే. ప్రజలందరినీ అన్నివేళలా చూడాలన్న కోరిక యంత్రయుగంలోనే తీరే కోరిక అయింది.

ఆర్వెల్ అయిదేళ్ళు ఆ ఉద్యోగం చేశాడు. తాను కాపలా కాస్తున్నది న్యాయాన్ని కాదు, పరాయి పాలనను అన్న తెలివి క్రమంగా కలిగింది. 1927లో సెలవుపై ఇంగ్లండుకు పోయి రాజీనామా ఇచ్చాడు. జీతం, హోదా, భవిష్యత్తు వదులుకున్నాడు. వీరాస్వామి అన్న మన దక్షిణాది పేరుతో ఒక డాక్టరు ఆయన మనసులో నిలిచి, 1934లో వెలువడిన బర్మీస్ డేస్ నవలలో పాత్రగా అవతరించాడు. ఆ నవలలో ఒక స్థానికాధికారి తెల్లదొరల క్లబ్బులో సభ్యత్వంకోసం ఈ డాక్టరుపై ఆకాశరామన్న ఉత్తరాలు వ్రాయిస్తాడు. ఒక్క ఆరోపణకూ రుజువు లేదు. అయినా తెల్లదొరల మనసుల్లో అనుమానం చేరుతుంది. డాక్టరును చివరకు హోదా తగ్గించి బదిలీ చేస్తారు. ప్రవాసంలో ఉన్నవాడికి పరువే ఆస్తి. చేతివ్రాత తెలియని ఒక కాగితం దానిని ఎట్లా మింగివేస్తుందో ఆర్వెల్ అప్పటికే గ్రహించాడు.

తానే చిట్టాకు ఎక్కడం

ఉద్యోగం విడిచిన తరవాత ఆయన బుద్ధిపూర్వకంగా పేదల మధ్య తిరిగాడు. లండన్ తూర్పు పేటల్లో అనాథ సత్రాల్లో పడుకున్నాడు. పారిస్ నగరంలో హోటలు వంటింట్లో గిన్నెలు కడిగాడు. ఆ అనుభవాలను 1933లో పుస్తకంగా ప్రకటించేటప్పుడు ఇంటివారికి నామోషీ కలగరాదని ఒక నది పేరు తగిలించుకుని జార్జి ఆర్వెల్ అయ్యాడు.

ఇక్కడ ఆయన కథ మలుపు తిరుగుతుంది. నిన్నటిదాకా ఇతరుల పేర్లు చిట్టాకు ఎక్కించిన శాఖకు చెందినవాడి పేరే చిట్టాకు ఎక్కింది. 1929 ప్రాంతంలో పారిస్‌నుంచి ఒక కమ్యూనిస్టు పత్రికకు వ్రాస్తానన్నాడని బ్రిటిషు రహస్య పోలీసులు ఆయనపై కన్ను వేశారు. 1936లో బొగ్గుగనుల కార్మికుల బ్రతుకు చూడడానికి విగన్ పట్టణం వెళ్తే అక్కడి పోలీసులు ఆయన ఎవరి ఇంట దిగాడో, ఏ సభకు పోయాడో పైకి వ్రాశారు. 1942లో ఒక పోలీసు సార్జంటు ఆయన భావాలనూ దుస్తులనూ కూడా తప్పుపడుతూ నివేదిక పంపాడు; పై అధికారులే అది సరికాదని త్రోసిపుచ్చారు. ఈ కాగితాలు 2007లో బయటపడ్డాయి. పన్నెండేళ్ళకు పైగా సాగిన ఆ నిఘా సంగతి ఆర్వెల్‌కు తెలిసినట్టు ఆయన రచనల్లో ఎక్కడా కనపడదు.

స్పెయిన్ దేశంలో మాత్రం నిఘా ఆయన గుమ్మం తొక్కింది. 1936 చివర అక్కడి అంతర్యుద్ధంలో ఫ్రాంకో సైన్యాలకు ఎదురుగా పోరాడడానికి వెళ్ళి పౌమ్ అనే చిన్న వామపక్ష దళంలో చేరాడు. 1937 మే 20వ తేదీన శత్రువు గుండు ఆయన గొంతులోనుంచి దూసుకుపోయింది. ప్రాణం దక్కడమే అద్భుతం. ఆసుపత్రినుంచి బార్సెలోనా చేరేసరికి తన పక్షంవారే తన దళాన్ని ద్రోహుల గుంపుగా ప్రకటించి నిషేధించారు. సోవియట్ రహస్య శాఖ మనుషులు నగరమంతటా ఉన్నారు. స్నేహితుడిలా మెలగిన ఒక ఆంగ్లేయ యువకుడే ఆయన కదలికలు వాళ్ళకు చేరవేశాడు. పోలీసులు రాత్రివేళ హోటలు గదిలో దూరి రెండు గంటలసేపు సోదాచేసి ఉత్తరాలు, దినచర్య పుస్తకాలు సమస్తం పట్టుకుపోయారు. భార్య ఐలీన్ పడుకున్న మంచాన్ని మాత్రం తాకలేదు. స్త్రీ పడుకున్న మంచం తడమడం మర్యాద కాదన్న సంకోచం ఆ పోలీసుల్లో మిగిలి ఉండడం ఆర్వెల్ మనసుకు హత్తుకుంది. ఆయన కూలిన గోడల చాటున రాత్రులు గడిపి, జూన్ నెలలో భార్యతో రైలెక్కి సరిహద్దు దాటాడు. జూలై 13న ఆ దంపతులమీద రాజద్రోహ నేరం మోపే పత్రం తయారైంది. అప్పటికి వారు దేశం దాటి ఉండకపోతే ఏమయ్యేదో ఊహించవచ్చు.

ఆ అనుభవాల గ్రంథం హోమేజ్ టు కాటలోనియా 1938 ఏప్రిల్ 25వ తేదీన లండన్‌లో వెలువడింది. మన ప్రాంతంవారికి ఆ తేదీ మరొక విధంగా గుర్తు. సరిగ్గా ఆ రోజునే గౌరిబిదనూరు దగ్గర విదురాశ్వత్థంలో, నిషేధాజ్ఞను లెక్కచేయక జెండా సత్యాగ్రహానికి గుమిగూడిన జనంమీద మైసూరు పోలీసులు కాల్పులు జరిపారు. నాలుగు మాటలు చెప్పుకోవడానికి జనం ఒక చెట్టుకింద చేరడమే నేరమైన రోజు అది. ఆ రెండు సంఘటనలకూ సంబంధం లేదు. కాని పాలకుడి భయం ఎక్కడైనా ఒకటే. నలుగురు కూడితే వాడికి నిద్ర పట్టదు. ఆర్వెల్ పుస్తకం 1500 ప్రతులు వేస్తే ఆయన బ్రతికుండగా అవి కూడా చెల్లలేదు.

కోతకత్తెరల కాలం

రెండవ ప్రపంచ యుద్ధంలో, 1941 నుంచి 1943 వరకు, ఆర్వెల్ లండన్ రేడియోలో ఇండియా ప్రసారాల శాఖలో పనిచేశాడు. ముల్క్‌రాజ్ ఆనంద్ వంటి మన రచయితలు ఆయన సహచరులు. ప్రసారమయ్యే ప్రతి మాటా ముందుగా కాగితంమీద వ్రాసి, సెన్సారు సమ్మతి పొందాలి. భార్య ఐలీన్ కొంతకాలం ప్రభుత్వ సెన్సారు శాఖలోనే ఉద్యోగం చేసింది. మాట పుట్టకముందే దానికి కత్తెర ఎట్లా పడుతుందో ఆ ఇంట భార్యాభర్తలిద్దరికీ తెలుసు.

విప్లవం పేర వచ్చి విప్లవాన్ని మింగిన పాలనమీద ఆయన పశువుల కథగా వ్రాసిన యానిమల్ ఫారమ్‌ను ఒకరి తరవాత ఒకరుగా ప్రచురణకర్తలు తిప్పి పంపారు. రష్యా అప్పుడు మిత్రదేశం. సమాచార శాఖలోని పీటర్ స్మాలెట్ అనే అధికారి వద్దని సలహా ఇవ్వడంతో ఒక ప్రచురణకర్త ఒప్పుకున్న పుస్తకాన్ని విరమించుకున్నాడు. ఆ అధికారి సోవియట్ గూఢచారి అని తరవాత తేలింది. చట్టం నిషేధించలేదు, పోలీసులు రాలేదు. పెద్దమనుషులు లోపాయికారీగా గొంతు తగ్గించుకున్నారు, అంతే. చివరకు 1945 ఆగస్టు 17న ఆ పుస్తకం వెలువడి లోకప్రసిద్ధమయింది. పశువుల దివాణం పేరుతో అది తెలుగులోకి కూడా వచ్చింది. ఆ విజయం చూడడానికి ఐలీన్ లేదు. అదే ఏడాది మార్చిలో శస్త్రచికిత్స బల్లమీద ఆమె మరణించింది. దంపతులు అంతకుముందు ఏడాది దత్తత తీసుకున్న పసివాడు రిచర్డు తండ్రి చేతుల్లో మిగిలాడు.

చివరి గ్రంథం

1946లో ఆర్వెల్ స్కాట్లండుకు పడమరగా ఉన్న జూరా అనే దీవికి చేరాడు. పక్క ఇల్లు మైళ్ళ దూరం. ఎవరి చూపూ పడని ఆ చోట, చూపు తప్ప మరేమీ లేని లోకాన్ని గూర్చి ఆయన వ్రాయసాగాడు. క్షయ తిరగబెట్టింది. 1948లో అమెరికానుంచి తెప్పించిన స్ట్రెప్టోమైసిన్ మందు ఆయన ఒంటికి సరిపడలేదు. మంచంలో కూర్చునే చివరి ప్రతిని తానే టైపు కొట్టాడు. 1949 జూన్ 8న నైన్‌టీన్ ఎయిటీ ఫోర్, అనగా పందొమ్మిదివందల ఎనభైనాలుగు, వెలువడింది.

కథ చిన్నది. విన్‌స్టన్ అనే గుమాస్తా పాత పత్రికల్లోని వార్తలను పాలకులకు అనుకూలంగా దిద్దే శాఖలో పనిచేస్తుంటాడు. ప్రతి ఇంటి గోడకూ ఒక తెర ఉంటుంది. దానిలో మనం చూస్తాము. దానిలోనుంచి మనలను చూస్తారు. ఏ క్షణాన చూస్తున్నారో తెలియదు. బెంథామ్ బురుజు ఇంటి గోడలోకి వచ్చిందన్నమాట. పెద్దన్న అనే నాయకుడి బొమ్మ వీధి వీధినా ఉంటుంది. అతడు నిజంగా ఉన్నాడో లేడో ఎవరికీ తెలియదు. మన తెలుగు ఇళ్ళలో పెద్దన్న అంటే తండ్రి తరవాత తండ్రి. అంత చల్లని పిలుపును రాజ్యం దొంగిలించి ముసుగు చేసుకోవడమే ఆ ఊహలోని క్రౌర్యం. విన్‌స్టన్ ఒక దినచర్య పుస్తకం కొనుక్కుని తెర చూపు అందని మూలలో కూర్చుని నాలుగు మాటలు వ్రాసుకుంటాడు. అదే అతని తిరుగుబాటు. పొరుగింటి పసిపిల్లలు కన్నతండ్రినే పట్టిస్తారు. నిషేధించడం కన్న సులువైన ఉపాయంగా పాలకులు భాషలోని మాటలనే ఏటేటా తగ్గిస్తుంటారు. చెప్పడానికి మాట లేకపోతే తలపే పుట్టదని వారి లెక్క. ఇంట ఒక భాష, బడిలో ఒక భాష, ఉద్యోగంలో మరొక భాషగా బ్రతికే మనకు ఈ ఒక్క అధ్యాయం చాలు, ఉలిక్కిపడడానికి. భాషలో మాటలు పోతే ఏమి పోతుందో వలసవచ్చినవాడికి తెలిసినంతగా ఎవరికి తెలుసు?

ఇటువంటి కథ ఆర్వెల్‌కు ముందు లేకపోలేదు. రష్యన్ రచయిత జమ్యాతిన్ గాజుగోడల ఇళ్ళలో అంకెలే పేర్లుగా బ్రతికే మనుషుల నవల వ్రాశాడు. స్వదేశంలో అది అచ్చుకు నోచుకోక 1924లో ఇంగ్లీషు అనువాదంగా బయటికి వచ్చింది. ఆర్వెల్ 1946లో దానిని పత్రికలో సమీక్షించాడు. అయితే కాపలావాడిగానూ, కాపలాకు గురయినవాడుగానూ రెండువైపులా నిలుచున్న అనుభవం ఆర్వెల్‌కు ఉంది. అందుకే ఆయన పుస్తకంలో హింసించే అధికారి కూడా తెలివైనవాడుగా, ఒక్కొక్కప్పుడు దయగలవాడుగా కూడా కనపడి మనలను మరింత భయపెడతాడు.

మేము ముందు చెప్పిన లోపం ఇక్కడిదే. 1949 మే నెలలో, శానిటోరియం మంచంమీదనుంచి, బ్రిటిషు విదేశాంగ శాఖ ప్రచార విభాగంలో పనిచేస్తున్న స్నేహితురాలు సీలియా కిర్వాన్‌కు ఆయన 38 పేర్ల జాబితా పంపాడు. రచయితలు, పత్రికలవారు, మేధావులు. సోవియట్ పక్షపాతం ఉన్నవారని, ప్రభుత్వ ప్రచార రచనలకు నమ్మరాదని ఆయన అభిప్రాయం. ఎవరినీ జైల్లో పెట్టమనలేదు. పైన చెప్పిన స్మాలెట్ పేరు అందులో ఉంది. ఆ అనుమానం నిజమే అయింది. ఆయనను సమర్థించేవారు ఈ మాటలు చెబుతారు. కాని ఆ జాబితా రహస్యం. పేరు పడ్డవాడికి ఆ సంగతి తెలియదు. తెలియనివాడు సమాధానం చెప్పుకోలేడు. 2003లో అది ప్రచురితమయ్యేసరికి అందులోని వారు చాలామంది గతించారు. వీరాస్వామి డాక్టరు కథ వ్రాసిన చేతినుంచే ఆ కాగితం వెళ్ళిందంటే మనసు చివుక్కుమంటుంది. నిఘా దుర్మార్గులు మాత్రమే చేసే పని కాదు. మంచివాడు, భయపడ్డప్పుడు, తన పక్షం న్యాయమైనదని నమ్మినప్పుడు, తేలికగా చేసే పని అది. ఆయన నవల చెప్పిన సత్యాన్నే ఆయన జీవితం కూడా సాక్ష్యమిచ్చింది.

1949 అక్టోబరులో ఆసుపత్రి మంచంమీదనే సోనియా బ్రౌనెల్‌ను వివాహమాడాడు. 1950 జనవరి 21న లండన్ ఆసుపత్రిలో 46 ఏళ్ళ వయసున మరణించాడు. సటన్ కోర్టనీ అనే పల్లెలోని సమాధి రాతిమీద ఎరిక్ ఆర్థర్ బ్లెయిర్ అన్న పేరూ జనన మరణ తేదీలే ఉన్నాయి. లోకమంతా ఎరిగిన కలం పేరు అక్కడ లేదు.

మనకు ఏమిటి?

దిబ్బూరహళ్ళి వంటి ఊళ్ళనుంచి వచ్చిన మనకు ఇతరుల చూపు కొత్త కాదు. సంచి భుజాన వేసుకుని బస్సు దిగినవాడు ఎవరింటి చుట్టమో అతడు ఇల్లు చేరకముందే రచ్చకట్టకు తెలుస్తుంది. ఆ చూపుకూ బరువుంది. వేరే కులంవాణ్ణి మనసుపడ్డ పిల్ల, అప్పులపాలైన రైతు, భర్త పోయిన ఇల్లాలు ఆ బరువు మోశారు. దానినుంచి తప్పించుకోవడానికే పట్నం చేరినవాళ్ళూ మనలో ఉన్నారు. అయినా అక్కడ చూసేవాడు మనకూ కనపడతాడు. మన ఇంటి గుట్టు వాళ్ళకు తెలిసినట్టే వాళ్ళ ఇంటి గుట్టు మనకు తెలుసు. జ్వరంతో పడుకుంటే ఆ చూసినవాళ్ళే గంజి కాచి తెస్తారు. తగవు వస్తే ఎదురుగా నిలబడి అడగవచ్చు. బురుజులో కూర్చున్నవాణ్ణి అట్లా అడగలేము. ఊరి చూపుకూ బురుజు చూపుకూ భేదం ఇదే.

ఈనాడు బురుజులు ఎక్కువయ్యాయి. అమెరికా రహస్య శాఖ లోకుల టెలిఫోను వివరాలను గుట్టలుగా పోగుచేస్తున్నదని 2013లో ఎడ్వర్డ్ స్నోడెన్ బయటపెట్టినప్పుడు ఆర్వెల్ నవల మళ్ళీ విరివిగా అమ్ముడుపోయింది. మన దేశంలో వేలిముద్రలూ కంటిపాప గుర్తులూ సేకరించే ఆధార్ పథకం విషయమై కర్ణాటక హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి కె. ఎస్. పుట్టస్వామిగారు సుప్రీంకోర్టుకు వెళ్ళారు. ఆ వ్యాజ్యంలోనే 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా, ఎవరి గోప్యత వారికి ప్రాథమిక హక్కు అని తీర్పు చెప్పారు. ఆ తొమ్మిదిమందిలో మన తెలుగువారు చలమేశ్వర్‌గారు ఒకరు. మన పక్కవాడు, ఎనభై దాటిన వయసులో కోర్టు మెట్లెక్కి యావద్దేశానికీ ఈ హక్కు సాధించిపెట్టాడని మన పిల్లలకు చెప్పుకోవడం మన విధి.

అయితే సర్కారును అడిగే ముందు మన ఇల్లు కూడా ఒకసారి చూసుకోవాలి. పిల్లవాడు ఏ వీధిలో ఉన్నాడో ఫోనులో చూసే తల్లిదండ్రులం మనమే. పనిమనిషికోసం వంటింట్లో కెమెరా బిగించేవాళ్ళం మనమే. ఊరినుంచి కొత్తగా వచ్చి గది అద్దెకు అడిగే కుర్రవాడి పుట్టుపూర్వోత్తరాలు ఆరాతీసేదీ, ఒకనాడు అదే ప్రశ్నలకు తలవంచుకుని జవాబు చెప్పిన మనమే. జాగ్రత్త వద్దని మేము అనము. ఆ చూపు సంగతి వాళ్ళకు చెప్పామా, వాళ్ళ మాట విన్నామా, రాసుకున్నదాంట్లో తప్పుంటే దిద్దుకోనిస్తామా, అవసరం తీరాక దానిని చెరిపివేస్తామా అన్న నాలుగు ప్రశ్నలు వేసుకుంటే జాగ్రత్తకూ పెత్తనానికీ మధ్య గీత ఎక్కడుందో తెలిసిపోతుంది. రాజ్యాన్ని అడగవలసిన ప్రశ్నలూ ఇవే.

మన సంఘంవారి ఇళ్ళల్లో చదువుకుంటున్న యువతీయువకులు ఈ వేసవి సెలవుల్లో ఆర్వెల్ గ్రంథాలలో ఒకటైనా చదివి పెద్దలకు తెలుగులో చెప్పాలని మా కోరిక. ఈ కొత్త సంవత్సరం మన కుటుంబాలన్నింటికీ ఆరోగ్యాన్నీ, నిర్భయంగా నాలుగు మాటలు చెప్పుకునే చోటునూ ప్రసాదించుగాక.